బాస్ వీడియోలు చూసి సామాను కొనేముందు: మన చెరువుల కొర్రమట్టకు రాడ్డు, రీలు, రబ్బరు కప్ప ఎంచుకోవడం, వాడటం ఎలా

"అన్నా, యూట్యూబ్‌లో బాస్ ఫిషింగ్ చూస్తున్నా. వాళ్లు వాడే రాడ్డు, రీలే కొంటే మన దగ్గర పనిచేస్తాయా?" హన్మకొండ, ములుగు, కరీంనగర్ వైపు నుంచి ఎవరు అడిగినా ఇదే ప్రశ్న. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

బాస్ మన చెరువుల్లో లేదు. అది ఉత్తర అమెరికా చేప. కానీ దాని బుద్ధులు చాలావరకు ఉన్న చేప మన దగ్గర ఉంది. అదే కొర్రమట్ట, తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. రెండూ తామరాకుల పక్కన, తుంగలో మాటు వేస్తాయి. పైన కప్ప కదిలితే రెండూ దూకుతాయి. అందుకే బాస్ సామానులో ఎక్కువ భాగం మనకు పనికొస్తుంది. అంతా కాదు. కొర్రమట్ట తల, దవడ గట్టివి. నోట్లో పదునైన పళ్లుంటాయి. గాలం పడగానే గడ్డిలోకి తల దూర్చి మెలికలు తిరుగుతుంది. బాస్ కోసం చేసిన సన్న దారం, సన్న గాలం ఇక్కడ నిలవవు.

డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా చెప్తాను. చాలామంది మెరిసే రీలు కొని, దానికి చవక దారం చుట్టి, పదునులేని గాలంతో కప్ప విసురుతారు. చేప పోయేది దారం దగ్గరో గాలం దగ్గరో. రీలు దగ్గర పోయిన చేప చాలా అరుదు. మామూలు రీలుతో సరిపెట్టుకుని, మిగిలిన డబ్బు దారానికి, గాలాలకు పెట్టండి.

కావలసినవి

- 6.5 నుంచి 7 అడుగుల స్పిన్నింగ్ రాడ్డు, మీడియం హెవీ
- 3000 లేదా 4000 సైజు స్పిన్నింగ్ రీలు
- 40 పౌండ్ల అల్లిన దారం (బ్రెయిడ్), 100 మీటర్లు
- అడుగున చుట్టడానికి కొంచెం తంగూసు
- 5 సెంటీమీటర్ల అటూఇటూ రబ్బరు కప్పలు (లోపల బోలుగా ఉండి, వీపు మీద రెండు ముళ్ల గాలం ఒదిగి ఉన్న కప్ప బొమ్మ ఎర) మూడు నాలుగు, ఒక్కోటి 10 నుంచి 15 గ్రాములు
- పొడుగు మూతి పక్కడ్, చిన్న కత్తెర, చిన్న ఆకురాయి
- చేప నోరు పట్టుకునే గ్రిప్పర్, లేదంటే ముతక గుడ్డ
- మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు, కళ్లద్దాలు

కళ్లద్దాలు షోకు కోసం కాదు. గడ్డిలో ఇరుక్కున్న కప్పను గుంజితే అది ఒక్కసారిగా ఊడి నేరుగా మొహం మీదికి వస్తుంది.

1. ముందు చెరువు ఎవరిదో అడగండి

మన ఊళ్లలో చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్య సహకార సంఘానిది. ముదిరాజులు, గంగపుత్రులు చేపపిల్లలను పోసి, కాపు కాసి, పెంచుకున్న చేప అది. సంఘం పెద్దమనిషిని కలిసి, "గాలం వేసుకుంటాం, ఎంత ఇవ్వాలి, ఎన్ని తీసుకోవచ్చు" అని అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. అడగకుండా కట్టెక్కితే గొడవే. తప్పు కూడా మనదే. తాగునీటి చెరువుల దగ్గర కాపలావాళ్లను కూడా అడగాలి. పాకాల, ఏటూరునాగారం లాంటి అభయారణ్యాల్లో గాలం ఊసే ఎత్తకండి.

2. రాడ్డు

రాడ్డు మీద, పిడికి కొంచెం పైన సన్న అక్షరాలు ఉంటాయి. ముందు అవి చదవండి. ఎం.హెచ్. అంటే మీడియం హెవీ, కొంచెం గట్టి రాడ్డు. దాని పక్కనే ఎంత బరువు ఎర విసరొచ్చో రాసి ఉంటుంది. 10 నుంచి 30 గ్రాములు అని ఉంటే సరిపోతుంది. ఔన్సుల్లో ఉంటే ఒక ఔన్సు 28 గ్రాములని గుర్తుపెట్టుకోండి. అర ఔన్సు నుంచి ఒక ఔన్సు అని ఉన్న బాస్ రాడ్డు కూడా కప్పకు బాగుంటుంది.

గొట్టంలోంచి గొట్టం వచ్చే మడత రాడ్డు బైకు మీద తీసుకెళ్లడానికి వీలే. కానీ కొర్రమట్టను గడ్డిలోంచి గుంజేటప్పుడు కీళ్ల దగ్గర తిరిగిపోతుంది, విరుగుతుంది కూడా. రెండు ముక్కల రాడ్డు తీసుకోండి.

షాపులోనే ఒక పరీక్ష చేయండి. జేబులో కాస్త దూది పెట్టుకుని వెళ్లి, ప్రతి రింగు లోపలి అంచు చుట్టూ తిప్పండి. దూది పోగు చిక్కుకుంటే అక్కడ పగులు ఉన్నట్టు. ఆ రింగు మీ దారాన్ని కోస్తూనే ఉంటుంది. ఇంకో రాడ్డు చూపించమనండి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనీయండి.

హెచ్చరిక: కార్బన్ రాడ్డులో కరెంటు పారుతుంది. చెరువు కట్ట పక్కన, శిఖం పొలాల మీద మోటార్ల కోసం వేసిన కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటాయి. విసిరేముందు తల పైకెత్తి చూడండి. తీగ కింద నడవాల్సి వస్తే రాడ్డును నేలకు సమంగా పట్టుకోండి. ఉరుము వినబడితే రాడ్డు కింద పెట్టి, కట్ట దిగి, చెట్లకు దూరంగా వెళ్లండి.

3. రీలు

వీడియోల్లో వాళ్లు ఎక్కువగా వాడేది రాడ్డు పైన కూర్చునే బెయిట్‌కాస్టర్. గురి కుదురుతుంది, బలం ఎక్కువ, నిజమే. కానీ బొటనవేలితో, దారం చుట్టి ఉండే స్పూల్‌ను అదిమి వేగం తగ్గించడం రాకపోతే మొదటి విసురుకే దారమంతా చిక్కుబడుతుంది. కొత్తవాళ్లు స్పిన్నింగ్ రీలుతో మొదలుపెట్టండి. అది రాడ్డు కింద వేలాడుతుంది, నేర్చుకోవడం తేలిక.

డబ్బా మీద "12 బేరింగులు" అని ఉంటే మురిసిపోకండి. హ్యాండిల్ పట్టుకుని పక్కకు ఊపి చూడండి, లొడలొడ ఉండకూడదు. ముందుకు తిప్పి ఆపి, వెనక్కి తిప్పబోయి చూడండి, వెంటనే ఆగిపోవాలి. బెయిల్ తీగ (దారాన్ని స్పూల్ మీదికి తిప్పే వంపు తీగ) తెరిచి మూస్తే టక్కుమని కూర్చోవాలి. ఈ మూడూ సరిగ్గా ఉంటే చాలు.

4. దారం

ఒకే ధరకు రెండు దారాలు చూపిస్తే, ఎక్కువ పౌండ్లు రాసిన దాన్ని ఎంచుకోవాలని ఏమీ లేదు. చవక బ్రెయిడ్‌ల మీద రాసిన అంకె చాలాసార్లు కాగితం మీదే ఉంటుంది. లెక్కకు 40 పౌండ్లు అంటే 18 కిలోలు. కిలోన్నర చేపకు అంత బలం ఎందుకంటారా? మీరు గుంజేది చేపను ఒక్కదాన్నే కాదు. దానితోపాటు వచ్చే తామర తీగలు, గుర్రపుడెక్క, బురద అన్నిటినీ గుంజుతారు.

వట్టి తంగూసు వాడొచ్చా? వాడొచ్చు, కానీ అది సాగుతుంది. దూరంలో చేప కప్పను పట్టినప్పుడు మీరు గుంజిన బలంలో చాలా భాగం ఆ సాగుడుకే పోతుంది, గాలం గట్టి దవడలో దిగదు. ఎండకు తంగూసు త్వరగా పాడవుతుంది కూడా. తప్పక తంగూసే వాడాల్సి వస్తే దగ్గరి విసుర్లకే పరిమితం కండి.

గడ్డి చెరువులో లీడర్ (దారం చివర, ఎరకు ముందు కట్టే వేరే దారపు ముక్క) అక్కర్లేదు. బ్రెయిడ్‌నే నేరుగా కప్పకు కట్టండి. గడ్డిలో కొర్రమట్టకు దారం కనబడుతుందేమోనన్న టెన్షన్ వద్దు.

5. దారం చుట్టడం

ముందు స్పూల్‌కు కొన్ని మీటర్లు తంగూసు చుట్టి, దానికి బ్రెయిడ్ కట్టండి. వట్టి స్పూల్ మీద బ్రెయిడ్ చుడితే జారుతుంది. మీరు రీలు తిప్పుతుంటారు, దారం స్పూల్ మీద గుండ్రంగా తిరుగుతుంటుంది, చేప మాత్రం రాదు.

తడిగుడ్డలో దారాన్ని పట్టుకుని బిగుతుగా చుట్టండి. స్పూల్ అంచుకు 2, 3 మిల్లీమీటర్లు ఖాళీ వదలండి. నిండా చుడితే దారం ఉండలుగా ఊడిపడుతుంది. మరీ తక్కువగా చుడితే అంచుకు రాసుకుని విసురు దగ్గరే పడుతుంది.

సరిచూసుకోవడానికి, చుట్టడం అయ్యాక బొటనవేలితో దారాన్ని నొక్కి పక్కకు తోయండి. మెత్తగా దిగబడితే వదులుగా చుట్టారు. విప్పి మళ్లీ చుట్టండి.

6. ముడి, నీళ్ల క్యాన్ పరీక్ష

బ్రెయిడ్‌కు పాలోమార్ ముడి చాలు, వేరేవి తర్వాత నేర్చుకోవచ్చు.

- దారం చివర ఒక జానెడు వెనక్కి మడిచి రెండు పొరలు చేయండి
- ఆ మడతను కప్ప ముక్కు దగ్గరి రింగులోంచి దూర్చండి
- రెండు పొరలతోనే ఒక వదులు ముడి వేయండి, బిగించకండి
- ఇప్పుడు మడత చివరి ఉచ్చులోంచి కప్పను మొత్తంగా దాటించండి
- ఉమ్మితో తడిపి నెమ్మదిగా బిగించి, కొసను అర సెంటీమీటరు వదిలి కత్తిరించండి

ఎక్కువమంది చేసే తప్పు నాలుగో మెట్టులో ఉంది. ఉచ్చు చిన్నదైతే కప్ప దాటదు. బలవంతంగా లాగితే పొరలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి, ముడి అక్కడే తెగుతుంది. ఉచ్చును ధారాళంగా వదలండి.

పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. 20 లీటర్ల నీళ్ల క్యాన్‌లో సగం నీళ్లు పోయండి, అంటే 10 కిలోలు. అదే దారాన్ని, అదే ముడితో క్యాన్ పిడికి కట్టండి. రెండో కొసను కర్రకు పదిసార్లు చుట్టి నెమ్మదిగా పైకి లేపండి. చేతికి చుట్టుకోకండి, బ్రెయిడ్ వేలిని బ్లేడులా కోస్తుంది. 10 కిలోలకే తెగితే ఎక్కడ తెగిందో చూడండి. ముడి దగ్గరైతే ముడి తప్పు. మధ్యలో తెగితే దారమే నకిలీ, లేదా పాతది.

7. డ్రాగ్

చేప గుంజినప్పుడు దారాన్ని కొంచెం కొంచెం వదిలేదే డ్రాగ్. బాస్ వీడియోల్లో చేప కర్రుమని దారం లాక్కుపోతుంటే చూడముచ్చటగా ఉంటుంది. మన గడ్డి చెరువులో కొర్రమట్టకు అంత దారం వదిలితే తామర కాడలకు చుట్టేసి కూర్చుంటుంది.

4, 5 కిలోల దగ్గర పెట్టుకోండి. రీలును రాడ్డు నుంచి విప్పి, స్పూల్ కిందికి చూసేలా చేత్తో పట్టుకోండి. దారం కొసకు 2 లీటర్ల నీళ్ల బాటిళ్లు రెండు పెట్టిన సంచి కట్టి లేపండి. దారం జారకుండా సంచి లేవాలి. సంచిలో ఇంకో లీటరు బాటిల్ వేసి కొంచెం కుదిపితే దారం జారడం మొదలవ్వాలి. అలా కుదిరేదాకా డ్రాగ్ బిగించే నాబ్ తిప్పండి. రాడ్డుతో మాత్రం బరువులు లేపకండి, కొస విరుగుతుంది.

ఇంటికి వచ్చాక నాబ్ వదులు చేయడం మరిచిపోవద్దు. నెలల తరబడి బిగించి ఉంచితే లోపలి వాషర్లు నలిగిపోతాయి.

8. కప్పను సిద్ధం చేయడం

ప్యాకెట్ విప్పగానే విసరకండి. అన్నిటికంటే ఎక్కువ చేపలు పోయేది ఈ మెట్టు వదిలేయడం వల్లే.

కప్పను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కండి. వీపు మీద ఒదిగి ఉన్న రెండు ముళ్లూ పూర్తిగా బయటపడాలి. రబ్బరు గట్టిగా ఉండి ముళ్లు సగమే కనిపిస్తే ఆ కప్ప చేప నోట్లోంచి ఉత్తగా జారి వస్తుంది. కాసేపు గోరువెచ్చటి నీళ్లలో వేసి, బాగా నలిపి మెత్తబరచండి. అయినా లొంగకపోతే పక్కన పెట్టండి.

తర్వాత పక్కడ్‌తో రెండు ముళ్లనూ వీపు నుంచి ఒక మిల్లీమీటరు పైకి వంచండి. అంతకు మించి వంచితే ప్రతి విసురుకూ గడ్డే పడుతుంది. ముల్లు కొసను గోరు మీద ఆనించి మెల్లగా లాగండి. గుచ్చుకుని ఆగితే పదును ఉంది. జారిపోతే ఆకురాయితో కొస వైపు నాలుగు గీతలు గీయండి.

తోక కుచ్చులు పొడుగ్గా ఉంటే సగానికి కత్తిరించండి. కొర్రమట్ట చాలాసార్లు కుచ్చును మాత్రమే అందుకుంటుంది. మీకు చప్పుడు వినబడుతుంది, బరువు తగలదు.

బకెట్ నీళ్లలో వేసి చూడండి. ముక్కు పైకి, వెనక కొంచెం కిందికి ఉండి తేలాలి. పక్కకు ఒరిగితే గాలాన్ని మధ్యకు జరపండి. లోపల నీళ్లు చేరితే మునుగుతుంది, అందుకే నాలుగైదు విసుర్లకు ఒకసారి పిండుతూ ఉండాలి.

రంగు గురించి పెద్ద చర్చలు జరుగుతాయి కానీ నాకు పట్టింపు లేదు. నీడకు, సాయంత్రానికి నలుపు, మిగతా వేళల్లో నా కంటికి కనబడే పసుపు.

9. చోటు చూసి విసరడం

పొద్దున ఎండ ఎక్కేదాకా, సాయంత్రం నాలుగు దాటాక మేలు. మార్చి నుంచి మే దాకా నీళ్లు తగ్గి చేప గుంతల్లోకి, తూము దగ్గరి లోతుకు చేరుతుంది.

కొర్రమట్ట గాలి పీల్చడానికి పైకి రాక తప్పదు, నీళ్లలోని ప్రాణవాయువు ఒక్కటే దానికి చాలదు. బుడుక్కుమని చప్పుడై, ఆకుల మధ్య చిన్న వలయం కనిపిస్తే అదే దాని ఆనవాలు. కప్పను ఆ వలయం మీద వేయకండి, బెదిరి పోతుంది. రెండు మూడు మీటర్లు అవతల పడేలా విసిరి, దాని మీదుగా తీసుకురండి.

విసిరేటప్పుడు దారాన్ని చూపుడువేలికి తగిలించి, బెయిల్ తెరిచి, వెనక ఎవరూ లేరని చూసి, రాడ్డు ముందుకు వచ్చి కంటి ఎత్తులో ఉండగా వేలు వదలండి. కప్ప నేరుగా పైకి పోతే తొందరగా వదిలారు. కాళ్ల ముందు పడితే ఆలస్యంగా వదిలారు. పడ్డాక బెయిల్‌ను చేత్తో మూయండి, వదులు దారాన్ని గుంజి, ఆ తర్వాతే రీలు తిప్పండి. హ్యాండిల్ తిప్పి బెయిల్ మూసే అలవాటే బ్రెయిడ్ చిక్కులకు మొదటి కారణం.

కప్ప పడ్డాక అలలు ఆగేదాకా కదపకండి. తర్వాత చిన్న చిన్న కుదుపులు, మధ్యలో ఆపడం. ఆకు మీదికి ఎక్కించి, అంచు నుంచి నీళ్లలోకి జార్చి, అక్కడ ఆపండి. ఎక్కువసార్లు అక్కడే కొడుతుంది.

వర్షాకాలంలో నీటి పైన ఎర్రటి చిన్న చేపపిల్లల గుంపు కుతకుత కదులుతూ కనిపిస్తే అక్కడ విసరకండి. తల్లిదండ్రులు కిందే కాపలా ఉంటాయి, ఆకలి లేకపోయినా కోపంతో కప్పను కొడతాయి. వాటిని తీసేస్తే ఆ గుంపును మిగతా చేపలు మిగల్చవు.

హెచ్చరిక: నీళ్లలోకి దిగకండి. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చాలా చెరువుల్లో పూడిక తీశారు. మోకాలి లోతు పక్కనే నిలువెత్తు గుంత ఉండొచ్చు, పైకి తెలియదు. ఇరుక్కున్న కప్ప పోతే పోయింది.

10. కొట్టినప్పుడు

నీళ్లు పగిలిన చప్పుడు వినగానే చేయి దానంతటదే గుంజుతుంది. అదే తప్పు. కప్ప మాయమైందా చూడండి, రాడ్డు కొసను నీటి వైపు దించండి, వదులు దారాన్ని రీలుతో తీసుకోండి, బరువు తగిలాక రెండు చేతులతో గట్టిగా పైకి లాగండి. మనసులో "ఒకటి, రెండు" అనుకుంటే ఆ సమయం సరిపోతుంది. కప్ప ఇంకా తేలుతూనే ఉంటే గుంజకండి, అక్కడే ఆపి ఒక్క కుదుపు ఇవ్వండి. తప్పిన కొర్రమట్ట చాలాసార్లు మళ్లీ వస్తుంది.

గాలం పడ్డాక ఆటలాడించకండి. రాడ్డు వంపు తగ్గనీయకుండా, ఆగకుండా తిప్పి తల నీటి పైకి తెప్పించండి. గడ్డిలో దూరితే అటూఇటూ ఊపి లాభం లేదు. దారం బిగించి పట్టుకుని కాసేపు ఆగండి, అది కదలగానే లాగండి.

11. ఒడ్డుకు వచ్చాక

నోట్లో వేలు పెట్టి పట్టుకోవడం బాస్‌కు సరే, దాని పళ్లు గరుకు మాత్రమే. కొర్రమట్ట నోట్లో వేలు పెడితే రక్తమే. గ్రిప్పర్‌తో కింది దవడ పట్టండి, లేదా తడి గుడ్డతో తల వెనక అదిమి పట్టి, పక్కడ్‌తో గాలం తీయండి. ఎరకు జెల్ల పడితే మొప్పల వెనక ముళ్లు చూసుకోండి, గుచ్చుకుంటే చేయి గంటలపాటు సలుపుతుంది.

చేపను నీళ్లలోనే ఉంచాలనుకుంటే పైకి వచ్చి గాలి పీల్చుకునేంత వదులు ఇవ్వండి. వలసంచిలో పూర్తిగా ముంచి ఉంచితే చచ్చిపోతుంది. చిన్నవాటిని వదిలేయండి, సంఘంవాళ్లు మెచ్చుకుంటారు, రెండోసారి అడగడం తేలికవుతుంది.

ప్రతి చేప తర్వాత దారం చివరి అడుగును వేళ్ల మధ్య జారనిచ్చి చూడండి. గరుకు తగిలితే అంతవరకు కత్తిరించి మళ్లీ ముడి వేయండి.

పదేపదే వచ్చే ఇబ్బందులు

కొడుతున్నాయి, పడటం లేదు: ముందు ముల్లు పదును, తర్వాత కుచ్చు పొడవు, ఆ తర్వాత మీ తొందర. ఈ వరసలోనే చూడండి. ఇంకా తప్పుతుంటే ఒక సైజు చిన్న కప్ప వేయండి.

విసురు దూరం పోవడం లేదు: 6, 7 గ్రాముల కప్పకు మీడియం హెవీ రాడ్డు వంగదు. బరువున్న కప్ప తీసుకోండి. లేదా కప్ప పొట్టలో చిన్న సీసం గుండు వేయండి, మళ్లీ బకెట్‌లో తేలుతుందో లేదో చూసుకోండి.

కప్పకు అసలు రావడం లేదు: గడ్డి తక్కువగా, నీరు తేటగా ఉంటే, రేకు తిరుగుతూ మెరిసే ఎర స్పిన్నర్‌బెయిట్ వేసి నిదానంగా తిప్పండి. గడ్డిలోనే అయితే వంకీ తిరిగిన ఆఫ్‌సెట్ గాలానికి మెత్తటి రబ్బరు చేపను ముల్లు బయటికి రాకుండా గుచ్చి వేయండి. మూడు ముళ్ల గాలాలున్న గట్టి ప్లాస్టిక్ చేపలు లోయర్ మానేరు డ్యాం లాంటి తెరిపి నీళ్లకు సరే, తామర చెరువులో మొదటి విసురుకే పోతాయి.

కప్పలు డబ్బాలో కరిగి అతుక్కున్నాయి: మెత్తటి రబ్బరు చేపలనూ కప్పలనూ ఒకే డబ్బాలో పెట్టకండి, ఒకదానితో ఒకటి తగిలితే రంగు, రబ్బరు కరుగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో డబ్బాను బైకు డిక్కీలో వదిలేయొద్దు. ఇంటికి రాగానే కప్పలను పిండి, ముళ్లు తుడిచి, నీడలో ఆరబెట్టాకే మూత పెట్టండి. తడి మీద మూస్తే వారంలో ముళ్లకు తుప్పు పడుతుంది.